కుప్పలో వదిన చెయ్యి

పోయిన నెల గుంటూరులో ఒక కాలేజీవాళ్లు నన్ను పిలిచి, పిల్లలకి ఒక గంటసేపు మాట్లాడమన్నారు. విషయం, 'మీలోని బలాన్ని మీరే కనుక్కోండి' అట. రిటైరైన మాస్టర్లని ఇలాంటివాటికి పిలవడం ఈ మధ్య ఎక్కువైంది. ఒక శాలువా కప్పితే చాలు, ఎంతసేపైనా మాట్లాడతారని మాకు పేరు పడిపోయింది. నా సంగతైతే శాలువా కూడా అక్కర్లేదు, మైకు చాలు. గంట అన్నది గంటన్నర చేశాను. నవ్వించాను, రెండుసార్లు కళ్లనీళ్లు పెట్టించాను, చివర్లో అందరూ లేచి చప్పట్లు కొట్టేదాకా వదల్లేదు. అంతా అయ్యాక ప్రశ్నలుంటే అడగమంటే, వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, "మీ బలం ఏంటి సార్? దాంతో మీరేం చేశారు?" అని అడిగింది.

"మాట్లాడటమేనమ్మా నా బలం. దాంతోనే ఉద్యోగం చేశాను, దాంతోనే ఇవాళ మీ ముందు నిలబడ్డాను" అన్నాను. మళ్లీ చప్పట్లు. ఆ అమ్మాయి మాత్రం నేనింకా ఏదో చెబుతానన్నట్టు కాసేపు నిలబడి, తర్వాత కూర్చుంది. నేను చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే. ఇంటికి తిరిగొస్తుంటే మిర్చి యార్డు దగ్గర బండ్లు అడ్డంపడి బస్సు ఆగిపోయింది. కిటికీల్లోంచి ఘాటు లోపలికి కొట్టి, డ్రైవర్ దగ్గర్నుంచి చంటిపిల్లల దాకా అందరూ తుమ్మడం మొదలుపెట్టారు. ఆ తుమ్ముల మధ్య కూర్చుంటే మిగతా సగం గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా మర్యాదకే. మర్చిపోతే కదా గుర్తు రావడానికి! తొమ్మిదేళ్లుగా పక్కకి తోసుకుంటూ వస్తున్నాను, అంతే.

మేమిద్దరం అన్నదమ్ములం. మా ఇద్దరికీ సమంగా పంచుకోమని దేవుడిచ్చిన మాటలన్నీ నేనొక్కడినే మింగేశానని మా అమ్మ అనేది. నాన్న ఆదివారాలు మా ఊరి చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా ఆరు రోజులూ కూలికి పోయేవాడు. అన్నయ్య నాన్న వెనకాలే పొలానికి పోయేవాడు, నేను చర్చిలోనే ఉండిపోయేవాణ్ణి. నా నోటి బలం మొదట బయటపడింది అక్కడే. కోతపండగ నాడు ఊళ్లోవాళ్లు పండించినవి తెచ్చి చర్చిలో పెడితే, వాటిని వేలం వేస్తారు. ఒక ఏడు వేలం పాడే పెద్దాయనకి గొంతు పోతే, పద్నాలుగేళ్ల నన్ను నిలబెట్టారు. ఒక వంకర సొరకాయని నేను పొగిడిన పొగడ్తకి, ఇంట్లో సొరపాదు ఉన్న ఇద్దరు రైతులు దానికోసం పోటీ పడ్డారు. పాస్టరుగారు నా తల మీద చెయ్యి పెట్టి, ఇది దేవుడిచ్చిన వరం, జాగ్రత్తగా వాడుకో అన్నారు. వరం అన్న మాట బాగా వినపడింది నాకు. తర్వాతి మాట అంతగా వినపడలేదు.

అన్నయ్య పెళ్లిచూపులకి వేటపాలెం వెళ్లినప్పుడు కూడా మాట్లాడింది నేనే. అన్నయ్య తల వంచుకుని కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంటే, ఆయన మంచితనం, ఒళ్లు దాచుకోని పనితనం, ఎద్దుల్ని కూడా తిట్టని వైనం నేను వర్ణించాను. చివరికి పెళ్లికూతురి మేనమామ, "అంతా బాగానే ఉంది గానీ, ఇంతకీ మీ ఇద్దర్లో పెళ్లికొడుకెవరు బాబూ?" అని అడిగాడు. లోపల్నుంచి ఒక నవ్వు వినిపించింది. అది మా వదిన నవ్వు. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో ఆవిడ అంత గట్టిగా నవ్వడం నేను నాలుగైదుసార్లకి మించి వినలేదు.

వదిన పెళ్లికి ముందు వేటపాలెంలో జీడిపప్పు బట్టీలో పని చేసేది. ఆ గింజల పెంకులో ఉండే జీడి చేతికి అంటితే చర్మం నల్లబడి, మొద్దుబారి, పొరలు పొరలుగా లేస్తుంది. పెళ్లిపీటల మీద ఆవిడ వేళ్లు చూసి మా మేనత్త చెవులు కొరికింది, పిల్లకి ఏదో చర్మం జబ్బుందని. జబ్బేం లేదు. అయితే ఆ వేళ్లకి స్పర్శ సగం పోయింది. వేడి అన్నం గిన్నె గుడ్డ లేకుండా పట్టుకుని దించేది. మేము అయ్యో అంటే, "నాకు తెలియదులే" అనేది మామూలుగా.

ఇక్కడ కల్లం సంగతి కొంచెం చెప్పాలి. కోసిన పండు మిరపకాయని కల్లంలో పలచగా పరిచి ఎండబెడతారు. రాత్రి మంచుకి తడవకుండా సాయంత్రం కుప్ప చేసి పట్టా కప్పుతారు, పొద్దున్నే విప్పి మళ్లీ పరుస్తారు. సగం ఆరిన కాయ కుప్పలో ఉంటే లోపల వేడెక్కుతుంది. కాస్త వేడి రంగుకి మంచిదే. ఒక పూట ఎక్కువైతే కాయ తెల్లబారి తాలైపోతుంది, ఇంకో పూట దాటితే బూజు పడుతుంది. పైన చూస్తే నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. పెళ్లయిన మొదటి సీజన్లో నాన్న కాస్త నేల కౌలుకి తీసుకుని మిరప వేశాడు. ఆయనకి కల్లానికి అన్నం తీసుకొచ్చిన వదిన, పట్టా కప్పిన కుప్ప పక్కన కాసేపు నిలబడింది. తర్వాత పట్టా కింద నుంచి చెయ్యి మోచేతిదాకా లోపలికి పోనిచ్చి, అరచెయ్యి పైకి తిప్పి, కళ్లు మూసుకుంది. "మావయ్యా, ఇది జొరం వచ్చిన పిల్లోడి పొట్టలాగా ఉంది. ఇప్పుడే విప్పండి" అంది. మిరప మొక్క మొహం కూడా ఎరగని వేటపాలెం పిల్ల చెప్తోందేంటని నాన్న నవ్వాడు. అమ్మ పోరు పడలేక విప్పితే, నడిమధ్యలో కాయ చెమటలు కక్కుతోంది. ఇంకో పూట ఆగితే పోయేది.

ఆవిడ చూసేది వేళ్లతో కాదు, మణికట్టు లోపలి వైపుతో. వేళ్లు మొద్దుబారిపోతాయి కనక, ఉడికించిన గింజలు చల్లారాయో లేదో బట్టీలో ఆడవాళ్లంతా మణికట్టుతోనే చూసేవాళ్లట. అక్కడ అదేం గొప్ప కాదు. ఇక్కడికొచ్చాకే అది గొప్పయింది. పోనుపోను మా ఊళ్లో ప్రతి కల్లం నుంచీ కబురొచ్చేది, "అమ్మాయ్, ఒకసారి వచ్చి చెయ్యి పెట్టి పోమ్మా" అని. కులం చూసుకుని పలకరించే మోతుబరి రైతులు కూడా బండి పంపించి పిలిపించుకునేవాళ్లు. ఆవిడ వెళ్లి, చెయ్యి పెట్టి, "రేపు మాపటిదాకా ఉండొచ్చు" అనో, "అన్నం తినకుండా విప్పండి" అనో రెండు ముక్కలు చెప్పి వచ్చేసేది. ఆ రెండు ముక్కలకి ఎదురు చెప్పినవాడు లేడు. మనిషి నడకలోనే తేడా వచ్చింది. మొదట్లో వేళ్లు కొంగులో దాచుకునే మనిషి, చేతులు ఊపుకుంటూ నడిచేది. నేనది చూసి సంతోషించానని రాయాలని ఉంది. కొంచెం కడుపు మండేది, అదీ నిజం. నాకు గంట పట్టే పని ఆవిడకి రెండు ముక్కల్లో అయిపోయేది మరి.

తొమ్మిదేళ్ల కిందటి సీజన్లో అన్నయ్య మూడెకరాలు కౌలుకి చేశాడు. మొదటి కోత కాయ బస్తాలకెత్తి యార్డుకి తీసుకెళ్లాడు. అక్కడ బండ్లు ఎక్కువై మూడు రోజులు ఇరుక్కుపోయాడు. కల్లంలో రెండో కోత కాయ సగం ఆరి ఉంది, నన్ను చూసుకోమన్నాడు. అప్పుడే నేను కొత్త ఫోన్ కొన్నాను. దాంట్లో వాతావరణం చూడటం నా కొత్త సరదా. అల్పపీడనం ఉంది, వాన ఖాయమని అది చెబితే, నేను వీధంతా చెప్పి, కుప్ప చేయించి పట్టాలు కప్పించాను. రెండో రోజు మధ్యాహ్నానికి కూడా చినుకు లేదు, మబ్బు మాత్రం అలాగే ఉంది. వదిన వచ్చి చెయ్యి పెట్టింది. పెట్టగానే తీసేసింది.

"అబ్బాయ్, లోపల కాగుతోంది. మబ్బున్నా పర్లేదు, విప్పేసి పరుద్దాం."

"వాన పడితే మొత్తం పోతుంది వదినా."

"పడితే మళ్లీ కప్పుకుందాం. ఇట్టాగే ఉంటే పడకుండానే పోతుంది" అని పట్టా తాడు విప్పబోయింది.

అక్కడ పొరుగూరి కూలీలు ఇద్దరున్నారు. అందులో ఒకడు నవ్వుతూ, "ఏంది మాస్టారూ, మీ ఫోనా, అమ్మ చెయ్యా?" అన్నాడు. అంతే. ఆ మాట నాకు మిరపపొడిలాగా కళ్లలో పడింది. నేను మొదలుపెట్టాను. ఉపగ్రహాల గురించి చెప్పాను, శాస్త్రం గురించి చెప్పాను, పాతకాలపు నమ్మకాలతో రైతులు ఎలా నష్టపోతున్నారో చెప్పాను. ఎంత బాగా చెప్పానంటే, నవ్వినవాడు కూడా తలూపాడు. వదిన తాడు చేత్తో పట్టుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడింది. మాటకి మాట చెప్పడం ఆవిడకి రాదు. అది నాకు బాగా తెలుసు, తెలిసే మాట్లాడాను. కాసేపటికి తాడు వదిలేసి, పది అడుగుల అవతల వేపచెట్టు కింద కూర్చుంది. అప్పుడే అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఒరేయ్, కాయ ఎట్టా ఉందిరా? మీ వదిన చూసిందా?"

"చూసింది అన్నయ్యా. ఏం పర్లేదు. వాన పోయేదాకా కదిలించొద్దు."

"ఒకసారి దానికియ్యి."

"ఇక్కడ లేదు, ఇంటికెళ్లింది" అన్నాను. చెట్టు కింద నుంచి ఆవిడ నన్నే చూస్తోంది.

వాన పడలేదు. మర్నాడు అన్నయ్య వచ్చి పట్టా లాగాడు. మొదట ఆవిరి వచ్చింది, తర్వాత వాసన. ముక్కిపోయిన, తియ్యగా కుళ్లిన వాసన. చెయ్యి పెట్టి లాగిన కొద్దీ నల్లబడిన కాయ, తెల్లటి బూజు. పక్క కల్లాలవాళ్లు పోగయ్యారు. అన్నయ్య వదిన వైపు తిరిగి, "చూశావంటగా? చెయ్యి పెట్టి చూశావంటగా?" అన్నాడు. అరవలేదు, అడిగాడు. "నేను విప్పమన్నా. అబ్బాయికి చెప్పా" అంది వదిన. అందరూ నా వైపు చూశారు. విన్న కూలీలిద్దరూ ముందు రోజే వేరే ఊరికి పనికి వెళ్లిపోయారు. నిజం చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. కానీ నా నోరు నాకంటే ముందుంటుంది.

"వేడిగా ఉందన్నదన్నయ్యా, విప్పమనలేదు. వదిన విప్పమంటే విప్పనా నేను?" అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆవిడ వైపు తిరిగి, తప్పు చేసిన పిల్లలతో క్లాసులో మాట్లాడే మెత్తటి గొంతుతో, "కంగారులో ఉన్నావు వదినా, బాగా గుర్తు చేసుకో" అన్నాను. ఆవిడ నోరు తెరిచింది. ఒక్క క్షణం, నిజంగానే గుర్తు చేసుకుంటున్నట్టు కళ్లు చిట్లించింది. తర్వాత నోరు మూసుకుంది. ఛీ! ఎన్ని వేల గంటలు మాట్లాడాను ఈ జన్మలో, అన్నింట్లోకీ బాగా పనిచేసిన మాట అదే.

మాస్టారు చెప్పాడంటే ఊళ్లో తిరుగులేదు. వేటపాలెం అమ్మాయి చెయ్యి తప్పిందని వారంలో అందరికీ తెలిసిపోయింది. ఆ సీజన్లోనే పిలుపులు తగ్గాయి, తర్వాతి ఏడు పూర్తిగా ఆగిపోయాయి. అన్నయ్య ఒక్క మాట అనలేదు. కానీ కుప్ప వేసిన రోజున వేరేవాళ్లని తెచ్చి చూపించుకునేవాడు. అనకపోవడమే ఎక్కువ బాధ పెట్టి ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నాను. మరుసటేడు కౌలు ఒక ఎకరానికి దిగింది. వదిన మామూలుగా కోతలకి వెళ్లేది, తొడిమలు తీసేది, చర్చికి వచ్చేది. నేను వెళ్తే కోడికూర వండిపెట్టేది, "ఇంకొంచెం వేసుకో అబ్బాయ్" అనేది. ఒకసారి పక్క కల్లంలో కుప్ప దగ్గర ఆగి, చెయ్యి చాపబోయి, చటుక్కున కొంగులోకి లాక్కోవడం నా కళ్లతో చూశాను. చూసి, ఫోన్ వచ్చినట్టు నటించి అవతలికి నడిచాను.

ఇదంతా బస్సులో నా పక్కనే కూర్చుంది. ఇంటికి టికెట్ తీసుకున్నవాణ్ణి, అన్నయ్య ఉంటున్న మా పాత ఊరి అడ్డరోడ్డు దగ్గర దిగిపోయాను. ఆటోలో వెళ్లేసరికి నాలుగున్నరయింది, మబ్బు పట్టి ఉంది. కల్లంలో అన్నయ్య ఉన్నాడు, వదిన ఉంది, పట్టా కప్పిన కుప్ప ఉంది. నా భుజం మీద శాలువా చూసి అన్నయ్య, "ఏందిరా, పెళ్లికొడుకులాగా వచ్చావ్?" అన్నాడు. దారంతా ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. నేనప్పుడున్న పరిస్థితి, నా వయసు, ఆ కూలివాడి నవ్వు, అన్నీ వరసగా పేర్చుకున్నాను. వదిన మొహం చూసేసరికి ఒక్కటీ రాలేదు.

"ఆ ఏడు వదిన విప్పమంది అన్నయ్యా. తాడు కూడా పట్టుకుంది. నేనే విప్పనివ్వలేదు. నువ్వు ఫోన్ చేసినప్పుడు పక్కనే ఉంది. లేదని అబద్ధం చెప్పాను. అందరి ముందూ అబద్ధమే చెప్పాను."

అన్నయ్య నన్ను కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన తలపాగా తీసి మొహం తుడుచుకుని, భార్య వైపు తిరిగి, "నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు.

"చెప్పా. ఆ రోజే చెప్పా" అంది వదిన.

అన్నయ్య తల దించుకున్నాడు. ఏదో ఒకటి సరిదిద్దాలన్న ఆత్రం మనిషిది. గబగబా వెళ్లి పట్టా అంచు పైకెత్తి పట్టుకుని, "రా. నువ్వు చూడు. ఇక నువ్వెట్టా అంటే అట్టా. మబ్బుందా, వానొస్తుందా అన్నదాంతో నాకు పనిలేదు" అన్నాడు. వదిన గాజులు పైకి లాక్కుంది, వంగింది, మోచేతిదాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, అరచెయ్యి పైకి తిప్పి కళ్లు మూసుకుంది. అయిపోయింది, ఇక అంతా మునుపట్లాగే అవుతుందని, సిగ్గు లేకుండా సంతోషపడ్డాను కూడా.

ఇదివరకు ఆవిడ చెయ్యి పెట్టి తీయడం మనం ఒక తుమ్ము తుమ్మినంత సేపు. ఇప్పుడు ఎంతకీ తీయలేదు. చెయ్యి ఇంకొంచెం లోపలికి జరిపింది. ఒకసారి బయటికి తీసి, చీరకి తుడుచుకుని, మళ్లీ పెట్టింది. కళ్లు తెరిచినప్పుడు కనురెప్పల కింద నీళ్లున్నాయి.

"తెలియట్లేదబ్బాయ్" అంది నాతో. కోపం లేదు ఆ గొంతులో, ఉంటే తట్టుకోగలిగేవాణ్ణి. "వేడి ఉన్నట్టే ఉంది. ఉందా అనుకునేలోపల 'బాగా గుర్తు చేసుకో' అని నువ్వన్నది వస్తోంది. ఇక ఏం చూసినా అదే తగులుతోంది."

అన్నయ్య పట్టా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వదిన చెయ్యి మాత్రం బయటికి తీయలేదు. మళ్లీ కళ్లు మూసుకుని, అలాగే వంగి ఉంది. అబద్ధం చెప్పడానికి నాకు అరనిమిషం పట్టింది, నిజం చెప్పడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ నిజం ఆవిడ మణికట్టు దాకా చేరడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో, ఈ వయసులో మా దగ్గర అన్నేళ్లు మిగిలి ఉన్నాయో లేదో నాకు తెలియదు.